రేవు తాకని నౌకలు

రొయ్యల చెరువుల నుంచి సీసాల్లో వచ్చే నీళ్లను పరీక్షించి, ఏ చెరువుకు ఏం తక్కువైందో రైతుకు చెప్పడం బాబ్జీ ఉద్యోగం. ఐ.పోలవరంలోని ఆ చిన్న ల్యాబులో ఒక శుక్రవారం మధ్యాహ్నం అతడు ఉప్పదనం కొలుస్తుండగా బల్ల మీద ఫోను వెలిగింది. తెర మీద ఒకే వాక్యం ఉంది: "గౌతమీ నౌకా సంస్థలో నార్త్‌స్టార్ అనే ఆటగాడి షేర్లు నలభైకి చేరాయి."

బాబ్జీ ముఖం చూసి, ఎదురుగా నిలబడిన చెరువు రైతు కంగారుపడ్డాడు.

"ఏవండీ, అంత పాడైపోయిందాండీ నీరు?"

"అబ్బే, మీ నీరు బాగానే ఉందండి. ఇది వేరే సముద్రం."

ఆ వేరే సముద్రం పేరు సప్తసాగరం. ఫోనులో ఆడుకునే ఆట. ఎవరెవరో, ఏయే దేశాలవాళ్లో అందులో నౌకలు నడుపుతారు, చేపలు పడతారు, రేవులు కడతారు. మూడేళ్ల క్రితం ఒక్క పడవతో మొదలుపెట్టిన బాబ్జీకి ఇప్పుడు తొమ్మిది నౌకలున్నాయి. వాటన్నిటికీ కలిపి గౌతమీ నౌకా సంస్థ అని పేరు. దానికి అతడు అధ్యక్షుడు. ల్యాబులో అతని మాటకు పైన యజమాని మాట ఉంటుంది, యజమాని మాటకు పైన రొయ్యల ధర ఉంటుంది. ఏ నౌక ఎటు వెళ్లాలో తానొక్కడే నిర్ణయించగలిగిన చోటు ఇది ఒక్కటే. ఆ అధికారం ఇప్పుడు చేజారేలా ఉంది.

ఆ ఆటలో ఒక షేర్ల బజారు కూడా ఉంది. సంస్థ పెట్టినవాడు దాన్ని నూరు షేర్లుగా విడగొట్టి, కొన్నిటిని బజారులో అమ్మి, వచ్చిన నాణేలతో కొత్త నౌకలు కట్టుకోవచ్చు. కొనదలచినవాడు తాను ఇవ్వగల ధరను, అమ్మదలచినవాడు తాను ఆశించే ధరను రాసి పెడతారు. రెండూ ఎక్కడ కలుస్తాయో అదే ఆ క్షణానికి ధర. దాన్ని ఆట నిర్ణయించదు. తుపాను వస్తుందన్న వార్తా, నౌకలు నిండుగా తిరిగి వస్తున్నాయన్న ఆశా, పక్కవాడు అమ్మేస్తున్నాడన్న భయమూ కలిసి నిర్ణయిస్తాయి. నౌక రేవుకు చేరి సరుకు దించినప్పుడల్లా లాభం షేర్ల ప్రకారం పంపిణీ అవుతుంది. ఆ నాణేలతో బయట ఒక అరటిపండు కూడా రాదు. అయినా బయటి బజారులో ఉండే ఆత్రమంతా అక్కడా ఉంటుంది. ప్రతి ఆదివారం సాయంత్రం షేర్లున్నవాళ్ల సభ జరుగుతుంది. సగానికి మించి షేర్లున్న పక్షం కోరుకుంటే అధ్యక్షుణ్ణి మార్చేయవచ్చు.

ఈ చివరి నియమం బాబ్జీకి తెలియనిది కాదు. చదివాడు, చదివి పక్కన పెట్టాడు. అతని మనసులో షేరు అంటే వేరే రూపం ఉంది. అతని మేనమామ కామరాజు వేట పడవ మీద సరంగుగా పడవ నడిపిన మనిషి. వేట నుంచి వచ్చాక చేపలు అమ్మి, డీజిలుకూ ఐసుకూ తీసేసి, మిగిలినదాన్ని పాళ్లు వేసేవారు: పడవకొకటి, వలకొకటి, మనిషికొకటి. పాలు ఉన్నవాడికి చేపల్లో హక్కు ఉంటుంది. పడవ ఎటు పోవాలన్న దాంట్లో ఉండదు. అది సరంగు చూసుకుంటాడు. బాబ్జీ తన షేర్లను అచ్చంగా ఆ పద్ధతిలోనే పంచాడు. తనతో మొదటి నుంచీ ఆడుతున్న రమ్యశ్రీకి పది, రాంబాబుకు పది ఇచ్చాడు. సముద్రం గురించి తనకు తెలిసినదంతా నేర్పిన కామరాజు మావయ్యకు పన్నెండు ఇచ్చాడు. ముప్పై బజారులో అమ్మాడు. తన దగ్గర ముప్పై ఎనిమిది ఉంచుకున్నాడు. మనవాళ్లవన్నీ కలిస్తే డెబ్బై కదా, ఎవడేం చేస్తాడన్నది అతని ధీమా.

రైతును పంపించి, రమ్యశ్రీకి ఫోను చేశాడు. ఆమె రాజోలులో ఒక కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది. ఆటలో పరిచయమై, ఫోనులో స్నేహితురాలైన మనిషి. ముఖాముఖి చూసింది రెండుసార్లే.

"చూసేనండీ బాబ్జీ గారూ," అందామె, అతడు నోరు తెరవకముందే. "బజారులో ఉన్న ముప్పయ్యీ ఎవరో ఒక్కడే ఏరుకున్నాడు. మిగతా పదీ ఎక్కడివా అని చూస్తన్నాను."

"మీవి కాదు కదా?"

"నావైతే మీకు ఫోనెత్తుతానా? రాంబాబు గారివై ఉంటాయి. అడగండి."

రాంబాబు ఆలమూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. అతడు దాచలేదు.

"అమ్మేసేనండి. మంచి రేటు వచ్చింది. సొంతంగా ఒక నౌక కొనుక్కున్నాను."

"ఒక్క మాట చెప్పొచ్చు కదా రాంబాబూ."

"మీతో మాటాండీ? ఉత్తరం వైపు పోదాం, అక్కడ చేప బాగుందని ఎన్నిసార్లు చెప్పేను? ఓ బొమ్మ పంపేవారు, నవ్వుతున్న బొమ్మ. ఇప్పుడు నేను ఉత్తరం వైపే పోతన్నానండి. ఉంటాను, కస్టమరు వచ్చేడు."

బాబ్జీ మళ్లీ రమ్యశ్రీకి చేశాడు. ఆమె లెక్క తేల్చి చెప్పింది: "ఆయనవి నలభై. మీవీ, నావీ, మీ మావయ్య గారివీ కలిపితే అరవై. ఆదివారం సభలో ఆయనేమీ చెయ్యలేడు. మావయ్య గారివి గట్టివే కదండీ?"

"ఆయ్. ఆయనవి ఎక్కడికీ పోవండి. సముద్రం ఇంకినా ఆయన కదలడు."

శనివారం పొద్దున్న పళ్లు తోముకుంటుండగా ఫోను మళ్లీ వెలిగింది. నార్త్‌స్టార్ షేర్లు యాభై రెండుకు చేరాయి. కొత్తగా చేరిన పన్నెండూ మావయ్యవే అయి ఉండాలి.

బాబ్జీ నోరు కడుక్కుని, చొక్కా వేసుకుని, బండి తీశాడు. మావయ్య పల్లె గోదావరి సముద్రంలో కలిసే వైపు, చెరువుల గట్ల మీదుగా వెళ్లే దారిలో ఉంది. దారి పొడవునా ఏరేటర్లు నీళ్లను చిలుకుతున్నాయి. ఎవరో మావయ్యను మోసం చేసి ఉంటారు, ఫోను దొంగిలించి ఉంటారు, ఏదో నొక్కించి ఉంటారు అని ఒక్కొక్క ఊహకూ ఒక్కొక్క శత్రువును తయారుచేసుకుంటూ వెళ్లాడు.

కామరాజు ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా. పక్కన స్టూలు మీద ఒక పళ్లెం, అందులో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్లు.

"నువ్వే వచ్చేవుట్రా! నేనే మీ ఇంటికి బయల్దేరుతున్నాను. నూరేళ్లు నీకు."

"మావయ్యా, నీ షేర్లు..."

"ముందు కూర్చో. పద్ధతి ప్రకారం కానీ." కామరాజు లేచి, పళ్లెం రెండు చేతులా పట్టుకుని మేనల్లుడి ముందు నిలబడ్డాడు. "సోమవారం అమలాపురంలో కంటి ఆపరేషను. నెల్లాళ్లు ఫోను చూడకూడదన్నారు. పడవ ఎక్కనివాడు పాలు ఉంచుకోకూడదు కదా. పొద్దున్నే లేచి నీ పాలు నీకు దించేసేను. ఇదిగో తాంబూలం."

ఆ రేవులో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఒక పడవ మానుకున్న మనిషి సరంగు ఇంటికి తాంబూలంతో వెళ్లి తన పాలు తిరిగి అప్పజెబుతాడు. అలా అప్పజెప్పనివాణ్ణి రేపు మరో పడవలో ఎక్కించుకోరు. బాబ్జీ చిన్నప్పుడు తన కళ్లతో చూశాడు. ఇప్పుడు ఆ పళ్లెం తన ముందుకు వచ్చింది. ఏం చేయాలో తోచక అందుకున్నాడు.

"ఎలా దించేవు మావయ్యా? ఏం నొక్కేవు?"

"షేర్లు వదులుకో అని ఉంది కదా, అదే. ధరెంత అని అడిగిందిరా. మేనల్లుడి దగ్గర ధరేమిటని సున్నా కొట్టేను. ఒప్పుకోలేదు. సరే ఏడువు అని ఒకటి కొట్టేను."

"అవి నాకు రాలేదు."

"నీకు రాకపోవడమేంటి? నీవే కదా?"

బాబ్జీ పళ్లెం ఒడిలో పెట్టుకుని కూర్చుని మెల్లగా చెప్పాడు. బజారులో తిరిగి ఇవ్వడం అనేది లేదు, అమ్మడమే ఉంది. అమ్మేవాడు ఎంతకో చెప్పగలడు గానీ ఎవరికో చెప్పలేడు. ఒక్క నాణేనికే వదులుకుంటానని మావయ్య రాశాడు. ఆ క్షణంలో అందరికన్నా ఎక్కువ ఇస్తానని రాసి పెట్టుకుని కాచుకున్నవాడికి అవి వెళ్లిపోయాయి. ఆ మనిషి ఎవరో, ఏ దేశమో తెలియదు. రేపు సాయంత్రం అతడు తనను దించేస్తాడు.

కామరాజు మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"అయితే నేను నీ పడవ తీసుకెళ్లి ఊరూ పేరూ లేనివాడికి కట్టబెట్టేనన్నమాట."

"నీ తప్పు కాదు మావయ్యా."

"నా తప్పని నేనెక్కడన్నాను? నా పద్ధతి తప్పు కాదు, నేను తప్పు చెయ్యలేదు, నీ పడవ మాత్రం పోయింది. అదెలా కుదిరిందా అని ఆలోచిస్తన్నాను." ఆయన చొక్కా గుండీ ఒకటి విప్పుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "మా దగ్గర పాలుకి నోరుండేది కాదురా. మీ దాంట్లో ఉందన్నమాట. ఉందని నాకెందుకు చెప్పలేదు?"

ఆ సంగతి చెప్పాలని బాబ్జీకి ఎన్నడూ తోచలేదు.

ఆదివారం సాయంత్రం సభ జరిగింది. సభ అంటే తెర మీద రెండు గడులు. ఒక గడిలో యాభై రెండు, రెండో గడిలో నలభై ఎనిమిది. అధ్యక్షుణ్ణి మార్చాలన్న తీర్మానం నెగ్గింది. బాబ్జీ తన పేరు చెరిగిపోవడం కోసం చూస్తూ కూర్చున్నాడు. పేరు చెరగలేదు.

కొంతసేపటికి రమ్యశ్రీ ఫోను చేసింది. ఆమె గొంతులో నవ్వు వినిపించింది.

"బాబ్జీ గారూ, మన నౌకలెక్కడున్నాయి?"

"తొమ్మిదీ సముద్రంలోనే ఉన్నాయండి."

"మీరు అదృష్టవంతులండీ బాబూ. నియమాలన్నీ మళ్లీ చదివేను. తీర్మానం నెగ్గినా, నౌక రేవు తాకేకే కొత్త అధ్యక్షుడి చేతికి వెళ్తుందట. సముద్రంలో ఉన్నంతకాలం పాతాయన మాటే చెల్లుతుంది. రేవుకి రాకండి."

"ఎన్నాళ్లని?"

"ఆయనకి విసుగొచ్చేదాకా. ఆలోచించండి: నౌక రాకపోతే సరుకు దిగదు, సరుకు దిగకపోతే లాభం పంచరు, లాభం లేని షేరు ఎవరికి కావాలి? ధర జారిపోతుంది. ఆయన పెద్ద ధర పెట్టి కొన్నవన్నీ చెత్తయిపోతాయి. ఎప్పుడో ఒకప్పుడు విసిగిపోయి అమ్ముతాడు. అప్పుడు మీరు కారుచౌకగా కొనుక్కోండి. డీజిలు సముద్రంలోనే కొనుక్కోవచ్చు కదా."

అది తెలివైన ఉపాయం. పైగా ఫలించింది కూడా. సోమవారం నుంచి గౌతమీ షేరు ధర మెట్లు దిగడం మొదలుపెట్టింది. పొద్దున్న ల్యాబు తలుపు తీసే ముందు చూసేవాడు, టీ తాగుతూ చూసేవాడు. ప్రతిసారీ ఇంకాస్త తగ్గి ఉండేది. తన సొంత సంస్థ విలువ పడిపోతుంటే సంతోషించడం అతనికి మొదట్లో వింతగా అనిపించింది. రెండు రోజుల్లో అలవాటైపోయింది. బుధవారానికి నార్త్‌స్టార్ దగ్గర నుంచి ఒక సందేశం వచ్చింది. ఎవరి భాషలో రాసినా ఎదుటివాడి భాషలోకి మార్చి చూపించే ఏర్పాటు ఆ ఆటలో ఉంది. అది మార్చిన తెలుగు ఇలా ఉంది: "ప్రియమైన సారథీ, దయచేసి ఇంటికి రండి. మీ చేపలు దుఃఖంతో ఉన్నాయి."

బాబ్జీ దాన్ని రమ్యశ్రీకి చదివి వినిపించాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. నవ్వు ఆగాక ఆమె ఇంకో మాట అంది.

"ఈ వారం నాకు నాణేలేం రాలేదు లెండి. నా చిన్న పడవకి కొత్త వల కొందామనుకున్నాను. పర్లేదు, ఆగుతాను."

ఆట నిజంగానే చేపల తాజాదనాన్ని లెక్క కడుతుంది. ప్రతి నౌక బొమ్మ పక్కనా ఒక సన్నని ఆకుపచ్చ గీత ఉంటుంది. నౌక ఆలస్యం చేసినకొద్దీ అది పసుపు రంగులోకి, ఆ తర్వాత ఎరుపులోకి తిరుగుతుంది. తొమ్మిది నౌకల మీదా కూలికి పనిచేసే ఆటగాళ్లు ఉన్నారు. సరుకు దిగితేనే వాళ్లకు కూలి. గురువారం ముగ్గురు మానేశారు. వాళ్లలో ఒకడు వెళ్తూ వెళ్తూ రాసిన వాక్యాన్ని కూడా ఆట తెలుగులోకి మార్చింది: "సముద్రం బాగుంది, కానీ నేను దిగాలనుకుంటున్నాను." ఈసారి బాబ్జీకి నవ్వు రాలేదు.

ఆపరేషను అయిన తర్వాతి ఆదివారం కామరాజు చెల్లెలి ఇంటికి భోజనానికి వచ్చాడు. కళ్లకు పెద్ద నల్లద్దాలు. బాబ్జీ తల్లి సూరమ్మ అన్నగారికి పులస ముక్కంత ప్రేమతో కొరమేను ముక్క వడ్డిస్తూ, కొడుకు చేతిలోని ఫోను వైపు చూసి మూతి విరిచింది.

"మా ఇంట్లో పెద్ద సరంగున్నాడన్నయ్యా. వారం నుంచి వేటలో ఉన్నాడు. ఒక్క చేప ఇంటికి తేలేదు. అన్నం మాత్రం రెండు పూటలా నా దగ్గరే."

"ఏరా, ఇంకా నీ చేతిలోనే ఉన్నాయా పడవలు?" కామరాజు తల తిప్పకుండా అడిగాడు.

బాబ్జీ ఉత్సాహంగా అంతా చెప్పాడు: రేవు నియమం, జారుతున్న ధర, విసిగిపోతున్న నార్త్‌స్టార్. "ఇంకో వారం ఆగితే చాలు మావయ్యా. సగం ధరకి అమ్ముకుంటాడు. నీ పన్నెండూ వెనక్కొస్తాయి. మళ్లీ నీకే ఇస్తాను."

"ఐసెంతుంది?"

"ఐసా? ఐసు కాదు, గీత ఉంటుంది. పసుపులోకొచ్చింది. రెండింటికి ఎర్రబడింది."

"మనుషులు?"

"ఆరుగురు మానేశారు."

"మిగతావాళ్లో?"

"ఉన్నారు."

కామరాజు ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాడు. కనబడని చూపుతో చేప తినడం కష్టమే అయినా ఆయన వేళ్లకు తెలుసు.

"ఒకసారి మా పడవ యజమాని నన్ను మార్చేద్దామనుకున్నాడురా. వేటలో ఉండగా తెలిసింది. కుర్రాళ్లు అన్నారు, 'అయితే మన రేవుకెందుకు పోవడం, కాకినాడలో దించి అమ్ముకుందాం' అని. పోనీ అలాగే చేద్దామా అని నాకూ అనిపించింది. కానీ వలలో ఉన్న చేప యజమానిదీ కాదు, నాదీ కాదు, అందరి పాలూ అందులో ఉంది. నేను సరంగుగా ఉండడం కోసం దాన్ని తిప్పుకుంటా కూర్చుంటే ఇంక నన్ను సరంగు అని ఎవడనాలి?"

"మరి మార్చేశాడా?"

"మార్చేశాడు. ఆర్నెల్లు ఇంకొకడి కింద పనిచేసేను. కోపం వచ్చేది. చేప తినబుద్ధయ్యేది కాదు. సూరమ్మా, కాస్త పులుసు పొయ్యి."

"నీ సంగతి వేరు మావయ్యా. ఇది ఆట."

"ఆటైతే మరి వారం నుంచి నీ ముఖమెందుకలా ఉంది?" అంది సూరమ్మ, పులుసు పోస్తూ.

భోజనం తర్వాత కామరాజు మంచం మీద నడుం వాల్చాడు. బాబ్జీ వీధి అరుగు మీదికి వచ్చి ఫోను తెరిచాడు. తొమ్మిది నౌకలూ నీలం మీద తెల్లటి చుక్కలుగా ఒకే చోట గుండ్రంగా తిరుగుతున్నాయి. ధర ఇంకా పడింది. రమ్యశ్రీ చెప్పిన లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే తిరిగితే అతడే గెలుస్తాడు. గెలిచేనాటికి నౌకల్లో ఏముంటుందన్నది మాత్రం ఆ లెక్కలో లేదు. రమ్యశ్రీ కొనుక్కోని వల ఉంది. కూలి అందని మనుషులు ఉన్నారు. ఇన్నాళ్లూ పాళ్లు పంచానని చెప్పుకున్నవాడు, పంచకుండా ఉండడమే ఆయుధంగా పట్టుకుని తిరుగుతున్నాడు.

రేవు దారి గీసి, తొమ్మిదింటికీ ఒకే ఆజ్ఞ ఇచ్చాడు. అవి వలయం విప్పుకుని ఒకదాని వెనక ఒకటిగా సాగాయి.

నౌకలు ఒక్కొక్కటే రేవు తాకి సరుకు దించాయి. ఆకుపచ్చ ధర పలకాల్సిన చేప పసుపు ధరే పలికింది. రెండు నౌకల చేప ఎరువుకు పోయింది. కూలివాళ్లకు కూలి అందింది. మిగిలినది షేర్ల ప్రకారం విడిపోయింది. సగానికి పైగా నార్త్‌స్టార్‌కు వెళ్లింది. బాబ్జీ పేరు పక్క నుంచి అధ్యక్షుడు అన్న మాట తొలగిపోయింది. అతని ముప్పై ఎనిమిది షేర్లూ అలాగే ఉన్నాయి. నౌకల మీద వేలు పెట్టి చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

చేపల్లో హక్కు ఉంది, దారిలో లేదు. ఈ స్థానంలోనే రాంబాబు మూడేళ్లు ఉన్నాడు.

మర్నాడు ల్యాబులో సీసాల వరుస పెద్దది. చెరువుల్లో ఏదో తెగులు మొదలైందన్న పుకారు పుట్టి, అవసరం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ నీళ్లు పట్టుకొచ్చారు. మధ్యాహ్నం కాస్త తెరిపి దొరికినప్పుడు ఫోను చూసుకున్నాడు. నార్త్‌స్టార్ నుంచి షేర్లున్నవాళ్లందరికీ ఒక ప్రశ్న వచ్చి ఉంది: "ఈ వారం నౌకలను ఉత్తరానికి పంపాలా, దక్షిణానికా? మీ అభిప్రాయం నొక్కండి." అలా అందరినీ అడిగే ఏర్పాటు ఆటలో మొదటినుంచీ ఉంది. సంస్థ పెట్టిన రోజే బాబ్జీ దాన్ని ఆపేశాడు. సరంగు ఎవరినీ అడగడు కదా అన్న ఆలోచన కూడా అప్పుడు రాలేదు. ఏదో అనవసరమైన మీట అనుకుని ఆపేశాడు.

రమ్యశ్రీ ఫోను చేసింది. నౌకలు దించేసినందుకు దెబ్బలాడుతుందని సిద్ధపడి ఎత్తాడు.

"ఇంకో వారం ఆగుంటే గెలిచేవారండీ మీరు," అంది.

"ఆయ్. తెలుసండి."

"వల కొనుక్కున్నాను లెండి." మాట మార్చింది. "మీకూ వచ్చిందా, ఆ ప్రశ్న?"

"వచ్చిందండి."

"నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు కదా, రెండుసార్లు చదువుకున్నాను. మనిద్దరివీ కలిపినా ఆయన మాటే నెగ్గుతుందనుకోండి. అయినా అడిగేడు. మీరేం నొక్కేరు?"

"ఇంకా ఏమీ నొక్కలేదు."

గుమ్మం దగ్గర ఒక రైతు సీసా పట్టుకుని నిలబడ్డాడు. బాబ్జీ ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి చూపించి, ఫోను చెవికి దగ్గరగా జరుపుకున్నాడు.

"రమ్యశ్రీ గారూ, మీరైతే ఎటు పంపేవారు?"

అటువైపు కొరియర్ ఆఫీసులో ఎవరో పార్సిలు మీద టేపు చుడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అది ఆగేదాకా బాబ్జీ ఎదురుచూశాడు.